బొటనవేలు ఆగిన చోటు

లియాంగ్ మాస్టారు తన కుడి బొటనవేలిని కిటికీ వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఉల్లిపొర కన్నా పల్చటి పొర ఒకటి వేలికొస నుంచి మణికట్టు దాకా అంటుకుని ఉంది. మణికట్టు దగ్గర గాజంత వెడల్పున ఒక పట్టీ ఉంది.

"బిగుతుగా ఉందా మాస్టారూ?" అని అడిగింది హైమ.

"ఏమీ లేనట్టే ఉందమ్మా. నా చర్మం కాస్త మెరుస్తోంది, అంతే."

ఆయన ముందున్న బల్ల మీద నజీర్ బోర్లా పడుకుని ఉన్నాడు. ఆ పొరను తయారు చేసిన ఇంజనీరు అతనే. మూడేళ్లుగా కంప్యూటర్ ముందు మెడ వంచి కూర్చుని, ఇప్పుడు తల పక్కకు తిప్పాలంటే భుజాలతో సహా తిరుగుతున్నాడు. ప్రయోగానికి అంతకన్నా మంచి మెడ విశాఖపట్నంలో దొరకదని అందరూ నవ్వుకున్నారు.

హైమ ఆరడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని, అలాంటి పొరే తన కుడిచేతికి తొడుక్కుంది. చెయ్యి గాలిలో చాచింది. లియాంగ్ మాస్టారు నజీర్ మెడ మీద బొటనవేలు ఆనించి మెల్లగా దొర్లించాడు.

హైమ ఉలిక్కిపడింది. ఆమె వేలి కింద ఏమీ లేదు, అయినా వేలికి మెడ తగులుతోంది. వెచ్చటి చర్మం, దాని కింద మెత్తటి పొర, ఇంకా కింద నీళ్లలో నానిన తాడులా ఒక కండ. ఆ తాడు మధ్యలో కందిగింజంత ముడి. వేలు ఆ ముడిని దాటి పోలేదు. దాని చుట్టూ తిరిగింది, ఒక అంచున ఆగింది, అక్కడ నుంచి లోపలికి దిగింది. ముడి కరుగుతున్నట్టు మెత్తబడింది.

"దొరికింది మాస్టారూ!" అని హైమ చిన్నపిల్లలా అరిచింది. "ముడి నాకు తెలిసింది!"

"అరవై ఏళ్ల కిందట మా నాన్న చేతి కింద నాకు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది," అన్నాడు ఆయన. "నీకు నాలుగు నిమిషాలు."

లియాంగ్ కుటుంబం కలకత్తా చైనావాళ్లది. మాస్టారు తండ్రి దగ్గర ట్వీనా అనే చైనా మర్దన విద్య నేర్చుకుని, ఇరవై ఆరేళ్ల వయసులో విశాఖ వచ్చి, డాబాగార్డెన్స్‌లో ఒక మేడమీద గదిలో స్థిరపడ్డాడు. ట్వీ అంటే తోయడం, నా అంటే పట్టుకోవడం అని వచ్చినవాళ్లందరికీ ఓపిగ్గా చెప్పేవాడు. డెబ్బై ఒకటో ఏట కూడా రోజుకు పదిమంది మెడలు చూసేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. శిష్యులుగా ఇద్దరు వచ్చారు గానీ, వేళ్లకు చూపు రావడానికి పదేళ్లు పడుతుందని తెలిసి ఇద్దరూ వెళ్లిపోయారు.

హైమ ఆయన దగ్గరికి మొదట శాస్త్రవేత్తగా రాలేదు. అప్ప అని పిలుచుకునే తన అక్క గున్నమ్మను తీసుకుని వచ్చింది.

గున్నమ్మ పలాసలో జీడిపప్పు పని చేసేది. ఇరవై ఏడేళ్లుగా రోజుకు తొమ్మిది గంటలు తల వంచుకుని పప్పు మీద పొట్టు తీసింది. ఆ పనితోనే చెల్లెల్ని చదివించింది. హైమ నరాల శాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకునే నాటికి గున్నమ్మ గడ్డం గుండెకు దగ్గరగా దిగిపోయింది. మందులు మింగింది, మెడపట్టీ కట్టుకుంది. నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. లియాంగ్ మాస్టారి చేతి కింద ఎనిమిది వారాల్లో ఆమె చాలావరకు తేరుకుంది. కానీ పలాస నుంచి రైల్లో మూడున్నర గంటలు. రావడం మానేసిన మూడు నెలలకు మెడ మళ్లీ బిగుసుకుంది.

ఆ రోజు గున్నమ్మ అన్న మాట హైమ మరిచిపోలేదు. "నాకొక్కదానికీ కాదే సెల్లీ. మా షెడ్డులో నూట నలభైమందిమి. అందరం ఇలాగే వొంగిపోయున్నాం. ఈ మాస్టారి ఏలు ఒక్కటే గదా, ఎంతమందికి సాలతాది?"

ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టిందే స్పర్శపొర. మాస్టారి వేలికి తెలిసిన కబురు మణికట్టు నరం మీదుగా వెళ్తుంటే అది పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని అప్పటికప్పుడు గానీ, రికార్డు చేసి తర్వాత గానీ ఇంకొకరి నరానికి అందిస్తుంది. అలా కొన్ని వారాలు తొడుక్కుని పనిచేస్తే, పొర తీసేశాక కూడా ఆ వేళ్లకు ఆ తెలివి మిగులుతుందని హైమ నమ్మకం.

మార్చి నుంచి జూలై దాకా ముప్ఫైసార్లు రికార్డు చేశారు. నజీర్ మెడ, విద్యార్థుల మెడలు, క్యాంటీన్ వాళ్ల మెడలు. నజీర్ ఇప్పుడు తల ఎటు కావాలంటే అటు తిప్పుతున్నాడు. హైమ పనిచేసే పరిశోధన సంస్థలో అందరూ ఆమెను ఆపి మరీ అభినందించేవారు.

ఆగస్టు మొదటివారంలో ఒక మధ్యాహ్నం ముగ్గురూ క్యాంటీన్‌లో కూర్చున్నారు. అప్పుడే దించిన టీ స్టీలు గ్లాసుల్లో వచ్చింది. హైమ గ్లాసు అంచు పట్టుకుని, వేళ్లు కాలి వెంటనే వదిలేసింది. లియాంగ్ మాస్టారు మాత్రం గ్లాసును నిండుగా పిడికిట పట్టుకుని, నజీర్ చెప్పే మాట వింటూ కూర్చున్నాడు. అర నిమిషం గడిచింది. ఒక నిమిషం గడిచింది.

"మాస్టారూ, గ్లాసు కింద పెట్టండి," అంది హైమ.

ఆయన పెట్టాడు. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆయన దాన్ని చూసుకుని, చెయ్యి బల్ల కిందికి దించేశాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది హైమ.

"జూన్ నుంచి కొద్దికొద్దిగా. నీకు చెబితే ఆపేస్తావని చెప్పలేదు."

ఆ సాయంత్రమే ల్యాబులో రెండు సూదిమొనలు దగ్గరగా పెట్టి ఆయన వేలిని పరీక్షించారు. మామూలు వేలికి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న మొనలు రెండుగా తెలుస్తాయి. ఆయన కుడి బొటనవేలికి ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నవి కూడా ఒక్కటిగానే తెలిశాయి. కారణం వెతకడం కష్టం కాలేదు. నరంలో కబురు చదవాలంటే పట్టీ ప్రతి క్షణం ఒక సన్నటి విద్యుత్తు తాకిడి పంపాలి. అందించేటప్పుడు అది అవసరం లేదు, చదివేటప్పుడు తప్పదు. ఆ తాకిడి ఒక్కొక్కసారి నరాన్ని ఒక్కొక్క పిసరు అలసిపోయేలా చేస్తోంది. నేర్చుకునేవాళ్లకు ప్రమాదం లేదు. నేర్పే మనిషికే నష్టం.

"ఇక రికార్డు చేయం," అంది హైమ. "ఉన్న ముప్ఫైతోనే చూద్దాం."



ఉన్న ముప్ఫైతో వాళ్లు చూశారు. నజీర్ మూడు వారాలు పొర తొడుక్కుని సాధన చేశాడు. దిండ్ల మీద, మైనపు బొమ్మల మీద, తర్వాత మనుషుల భుజాల మీద. చెయ్యి తిరిగింది. మెడ మీద మొదటిసారి ఎవరి మీద చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు హైమ తనే బల్లెక్కి పడుకుంది.

మొదటి పది నిమిషాలు బ్రహ్మాండంగా సాగింది. తర్వాత నజీర్ వేలు ముడి వెంట మెడ పక్కకు జారింది. ముడి అక్కడితో అయిపోయినా వేలు ఆగలేదు. అదే బలంతో ముందుకు తోసింది. హైమ కళ్ల ముందు బల్ల, గోడ, వెలుతురు అన్నీ ఒక్కసారి గిర్రున తిరిగాయి. తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉంది. ఎడమచెయ్యి తనది కానట్టు పడి ఉంది.

రెండు గంటల తర్వాత చేతిలోకి స్పర్శ వచ్చింది. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి భయం లేదన్నారు. నజీర్ మాత్రం గోడకు ఆనుకుని, "మేడమ్, నాకు ఎక్కడా తేడా తెలియలేదు. పొర నన్ను ఆపలేదు," అని అదే మాట పదేపదే అన్నాడు.

మర్నాడు ఉదయం లియాంగ్ మాస్టారు ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"తప్పు అతనిది కాదు, నీదీ కాదు," అన్నాడు. "మీరు నాకు ముప్ఫై మంచి మెడలు ఇచ్చారమ్మా. కుర్రవాళ్ల మెడలు. వాటిమీద నా వేలు ఎక్కడా భయపడలేదు. అందుకని నా తోయడం మీ దగ్గర ఉంది, నా ఆగడం లేదు. ఈ విద్యలో సగం ఆగడమే. అది రికార్డు చేయాలంటే పాడైపోయిన మెడ కావాలి. అక్కడైతే వేలు ప్రతి అంగుళానికీ ఆలోచిస్తుంది."

"ఆ రికార్డుకు మీ వేలు ఇక మిగలదు మాస్టారూ."

"తెలుసు."

"అయితే ఆ మాట ఎత్తకండి."

హైమకు సెలవు ఇచ్చారు. ఆమె పలాస వెళ్లింది. గున్నమ్మ రెండు గదుల ఇంట్లో, ఆదివారం వంకాయలు తరుగుతూ కూర్చుని ఉంది. తల ఎత్తలేక కనుగుడ్లు మాత్రం పైకెత్తి చెల్లెల్ని చూసింది.

"ఏటే, సిక్కిపోయావు? ఏటయింది?"

చెప్పకూడదనుకున్న హైమ అంతా చెప్పేసింది. టీ గ్లాసు సంగతి, తను పడిపోయిన సంగతి, మాస్టారు అడిగిన సంగతి. గున్నమ్మ కత్తిపీట పక్కన పెట్టింది.

"పాడైన మెడ కావాలన్నాడా ఆయన?"

"అన్నారు. నేను ఒప్పుకోలేదు."

"నువ్వెవులివి ఒప్పుకోడానికి? మెడ నాది, ఏలు ఆయనది." గున్నమ్మ గొంతు పెరిగింది. "మీ శాస్త్రంలో మాకు మాట నేదేటి? దెబ్బ తగలొచ్చని తెలిసే నువ్వు బల్లెక్కావు గదా, నిన్నెవులైనా ఆపినారా?"

"అప్పా, ఆయనకి వేళ్లే బతుకు."

"ఆ మాట ఆయన్నే అడుగుదాం. పద."

సోమవారం ఉదయం బండికి అక్కాచెల్లెళ్లు విశాఖ వెళ్లారు. గున్నమ్మ డాబాగార్డెన్స్ మేడమెట్లు ఒక్కొక్కటే ఎక్కి, ఆ గదిలో మాస్టారి ఎదురుగా కూర్చుంది.

"బాబూ, సూటిగా అడుగుతన్నాను. ఈ పని సేత్తే మీ సెయ్యి పోతాదంట. నిజమేనేటి?"

"నిజమే. చెయ్యి పనిచేస్తుంది. దానికి తెలియడం పోతుంది."

"మరి పోగొట్టుకుంతారా?"

లియాంగ్ మాస్టారు తన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని చూశాడు. "మా నాన్న చేతులు నా చేతుల కన్నా గొప్పవమ్మా. ఆయనకి తెలిసినదాంట్లో నాకు సగమే వచ్చింది. మిగతా సగం కలకత్తాలో ఆయనతోపాటు మట్టిలో ఉంది. నాకు డెబ్బై ఒకటి. నా సగం కూడా మట్టిలోకి పోయే రోజు ఎంతో దూరం లేదు. ఇప్పుడు ఇస్తే ఎవరికైనా పనికొస్తుంది. నాకు భయం లేదని చెప్పను. రాత్రిపూట నిద్ర పట్టడం లేదు. అయినా ఇస్తాను."

గున్నమ్మ ఆయన కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకు అద్దుకుంది. హైమ కిటికీ వైపు తిరిగి నిలబడింది.

చివరి రికార్డు సెప్టెంబర్ పద్నాలుగున చేశారు. గున్నమ్మ మెడకు ముందుగా స్కాన్లు తీశారు. ఇద్దరు డాక్టర్లు పక్కనే ఉన్నారు. హైమ అవతలి కుర్చీలో పొర తొడుక్కుని కూర్చుంది. ఆమె ఎన్నడూ ఎరగని వేలు ఆ రోజు ఆమెకు తెలిసింది.

అది నడిచే వేలు కాదు. చీకట్లో నేల వెతుక్కునే పాదంలా ఉంది. రెండో ఎముక దగ్గర ఆగింది. కింద ఏదో సన్నగా కొట్టుకుంటోంది, దాన్ని తాకకుండా పక్కకు జరిగింది. చెవి కింద మళ్లీ ఆగింది, ఈసారి చాలాసేపు. దిగబోయి మానుకుంది, చుట్టూ తిరిగి వెనక నుంచి వచ్చింది. అరిగిపోయిన ఎముక అంచు తగలగానే వెనక్కి తగ్గింది. నలభై నిమిషాల్లో ఇరవై రెండుసార్లు ఆగింది. ప్రతిసారీ హైమకు తన వేలిలో, గుండెలో కూడా, ఆ ఆగడం తెలిసింది. చివరి అయిదు నిమిషాల్లో కబురు పల్చబడింది. దూరం నుంచి వినిపించే మాటలా అయింది. తర్వాత ఆగిపోయింది.

"అయిపోయింది," అన్నాడు లియాంగ్ మాస్టారు. పొర తీయించుకుని, బొటనవేలితో తన బుగ్గ తాకి చూసుకున్నాడు.

"విచిత్రంగా ఉందమ్మా," అన్నాడు మెల్లగా. "బుగ్గకి వేలు తెలుస్తోంది. వేలికి బుగ్గ తెలియడం లేదు."

బల్ల మీద నుంచి గున్నమ్మ లేచి కూర్చుంది. ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూనే గడ్డం మూడు వేళ్ల ఎత్తు పైకెత్తింది.

ఆ నెలాఖరుకు ఆయన డాబాగార్డెన్స్ గది మూసేశాడు. విషయం తెలియక మెట్లెక్కి వచ్చినవాళ్లకు క్షమాపణ చెప్పి పంపేవాడు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి అద్దం ముందు నిలబడాల్సి వచ్చేది. హైమ రోజూ సాయంత్రం వెళ్లేది. ఆమె మొహం వేలాడేసుకుని కూర్చుంటే ఆయనకు కోపం వచ్చేది.

"నేను ఇచ్చినదాన్ని నువ్వు దుఃఖంతో తడుపుతున్నావు. పలాస ఎప్పుడు మొదలుపెడుతున్నావో అది చెప్పు."

జనవరిలో మొదలుపెట్టారు. షెడ్డు పక్కన మహిళా సంఘం హాల్లో పన్నెండు చాపలు పరిచారు. పన్నెండుమంది ఆడవాళ్లు పన్నెండు పొరలు తొడుక్కుని కూర్చున్నారు. నజీర్ అక్కడే గది అద్దెకు తీసుకుని ఉండిపోయాడు. ఇప్పుడు రికార్డులో ముప్ఫై మెడల తోయడమూ ఉంది, ఒక మెడ నేర్పిన ఆగడమూ ఉంది. అపాయం జరగలేదు. ఒక్కసారి కూడా జరగలేదు.

ఆ పన్నెండుమందిలో గున్నమ్మ చెయ్యి అందరికన్నా ముందు తిరిగింది. హైమ ఆశ్చర్యపోతే ఆమె నవ్వింది. "పప్పు ఇరిగిపోకండా పొట్టు తియ్యడానికి ఎంత నొక్కాలో ఇరవై ఏడేళ్లు నేర్సుకున్నానే. మా ఏళ్లేటి మొద్దువనుకున్నావా?"

అరవై రోజుల తర్వాత పొరలు తీసేశారు. ఉత్త చేతుల పరీక్ష మార్చి చివరి శనివారం పెట్టారు. ఊరి డాక్టరు కూడా వచ్చాడు. లియాంగ్ మాస్టారు విశాఖ నుంచి ఉదయం బండికి వచ్చి, హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. షెడ్డు నుంచి వచ్చిన ఆడవాళ్లతో వరండా నిండిపోయింది.

మొదట షెడ్డులో పనిచేసే దమయంతిని పిలిచారు. ఆమె తల రెండేళ్లుగా కుడివైపుకు ఒరిగిపోయి ఉంది. స్కాన్‌లో అపాయమేమీ లేదని డాక్టరు చెప్పాడు. మందులు మాత్రం పనిచేయలేదు.

గున్నమ్మ దమయంతి వెనక మోకాళ్ల మీద కూర్చుంది. లియాంగ్ మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"కుడిచెవి వెనక ఎముక ఉంది కదా, దాని కిందినుంచి మొదలుపెట్టు," అన్నాడు.

గున్నమ్మ అక్కడ బొటనవేలు ఆనించింది. కాస్త దొర్లించింది. ఆగింది.

"ఇక్కడ కాదు మాస్టారూ."

"తల కుడికి ఒరిగితే కుడిపక్కే మొదలుపెట్టాలమ్మా. అరవై ఏళ్లుగా నేను అలాగే చేశాను."

"ఈ కండ నొప్పెడతంది, అవును. గానీ నొప్పికి పుట్టిల్లు ఇది కాదు. ఇది కేకలేత్తంది, అంతే. తగువు ఇంకోసోట ఉన్నాది." ఆమె వేలు మెడ వెనగ్గా ఎడమవైపుకు దాటి, భుజంరెక్క పై అంచు మీదికి దిగి, అక్కడ నిలిచింది. "ఇదిగో. ఇక్కడ."

హాల్లో అందరూ లియాంగ్ మాస్టారి వైపు చూశారు. ఆయన అలవాటుగా చెయ్యి చాచి, గున్నమ్మ చూపించిన చోట తన బొటనవేలు పెట్టాడు. వేలు దమయంతి భుజం మీద ఉంది. ఆయన మొహంలో ఏమీ కదలలేదు. ఆయనకు ఏమీ తెలియడం లేదని హైమకు అర్థమైంది. ఆయన మాట వినమని అప్పకు చెబుదామని నోరు తెరిచింది. అప్పటికే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నీకు తెలిసినట్టు చెయ్యి," అన్నాడు.

గున్నమ్మ మొదలుపెట్టింది. అంచు వెంట దొర్లించింది, ఆగింది, లోపలికి దిగింది, మళ్లీ ఆగింది. ఆమె పెదవులు బిగించి, కళ్లు మూసుకుని ఉంది. దమయంతి మొదట మూలిగింది. తర్వాత మూలగడం మానేసింది. పావుగంట గడిచింది. గున్నమ్మ ఎడమచేత్తో దమయంతి నుదురు పట్టుకుని, కుడి బొటనవేలు మెడ వెంట ఒకేఒక్కసారి పైకి తోసింది.

"మెల్లగా తిరుగు," అంది.

దమయంతి తల నిలువుకు వచ్చింది. అక్కడ ఆగి, వణికి, ఎడమవైపుకు తిరిగింది. ఆ పక్కన గుమ్మంలో ఆమె కూతురు నిలబడి ఉంది.

"ఓలమ్మా! నా తల్లే!" అని దమయంతి అరిచింది. "తిరిగింది! సూడండే, తిరిగింది!" తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, మళ్లీ అటు తిప్పింది. వరండాలో ఆడవాళ్లు ఒక్కపెట్టున కేకలు వేశారు. కొందరు లోపలికి తోసుకువచ్చారు. కూతురు పరుగెత్తుకొచ్చి దమయంతిని వాటేసుకుంది.

ఆ గోలలో నజీర్ కంప్యూటర్ ముందేసుకుని ముప్ఫై ఒక్క రికార్డులూ వెతికాడు. రెండుసార్లు వెతికాడు.

"మేడమ్, ఈ చోటు మన దగ్గర ఎక్కడా లేదు," అన్నాడు. "మాస్టారు ఏ మెడమీదా ఇలా చేయలేదు."

హైమ అప్ప వైపు చూసింది. గున్నమ్మ కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంటూ, ఏమీ జరగనట్టు తన బొటనవేలిని చూసుకుంటోంది.

నజీర్ మాట లియాంగ్ మాస్టారికి వినిపించింది. ఆయన ముందు నమ్మలేనట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఆగలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "నాది కాదు!" అని హైమతో గట్టిగా అన్నాడు. "విన్నావా అమ్మా? అది నాది కాదు! మా నాన్నది కూడా కాదు!"

ఆయన కుర్చీలోంచి లేచాడు. తోసుకువస్తున్న ఆడవాళ్లను చేతులు చాచి వరసలో నిలబెట్టాడు. ముందున్నామెను భుజం పట్టుకుని చాప దాకా తీసుకువచ్చి, గున్నమ్మ ముందు కొంచెం వంగి నిలబడ్డాడు.

"ఈవిడని కూర్చోబెట్టమంటారా, మాస్టారూ?" అని ఆమెను అడిగాడు.